ఫోను చెల్లింపులు వచ్చాక ఇంటి పద్దు కుదరడం లేదు. మీరు ఎలా నెట్టుకొస్తున్నారు?

ప్రశ్న: లెక్కల మాస్టారు, భీమవరం

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఇంటి పద్దు రాసే అలవాటు ఉంది. ఒకటో తారీఖున జీతం తెచ్చి పాలకు, బియ్యానికి, కరెంటు బిల్లుకు, పిల్లల ఫీజులకు వేరువేరు కవర్లలో పెట్టేవాళ్లం. ఏ కవరు పలచబడితే ఆ ఖర్చు దానంతట అదే తగ్గేది. రాత్రి భోజనాలయ్యాక కవర్లు ఒకసారి తీసి చూసుకుంటే పద్దు సగం పూర్తయినట్టే ఉండేది. ఇప్పుడు పింఛను ఖాతాలో పడుతుంది, ఖాతా ఫోనులో ఉంటుంది, ఫోను ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. కవర్లే లేనప్పుడు ఏది పలచబడిందో తెలిసేదెలా?

కొబ్బరిబొండానికి, కొత్తిమీర కట్టకు, ఆటోకు, గుడి దగ్గర పూలకు ఇచ్చిన ప్రతి పదీ ఇరవై రూపాయలూ పాస్‌బుక్కులో ఒక్కో వరుసగా దిగుతున్నాయి. మొన్న బ్యాంకులో యంత్రం దగ్గర పుస్తకం ముద్రించుకోబోతే పేజీలు చాలక మధ్యలోనే ఆగిపోయింది. ఆ వరుసల్లో పూలమ్మే ఆవిడకు ఇచ్చిన డబ్బు ఆమె కొడుకు పేరు మీద కనబడుతుంది, కూరల బండికి ఇచ్చినది ఎవరో నేనెరుగని మనిషి పేరు మీద కనబడుతుంది, ప్రతి పేరు పక్కనా పన్నెండంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. నేను రాసుకున్న పద్దు పుస్తకాల్లో ఎన్నడూ లేనన్ని వివరాలు అందులో ఉన్నాయి. అయినా ఈ నెల కూరగాయలకు ఎంతయిందని ఇంట్లో అడిగితే చెప్పలేకపోతున్నాను. ఖర్చు పెరిగిన మాట మాత్రం నెలాఖరున మిగిలిన నిల్వ చూస్తే తెలుస్తోంది.

ఇంకొక సంగతి తొందర. చిల్లర ఎంచి ఇచ్చే రోజుల్లో కొట్టు ముందు నిలబడి, చీటీలో ధరలు ఒకసారి చూసుకుని, పెసరపప్పు కిలో ఎంత వేశావని అడగడానికి కాస్త వ్యవధి ఉండేది. ఇప్పుడు వెనుక నిలబడిన కుర్రవాడు నా భుజం మీదుగా చెయ్యి చాపి కోడ్ స్కాన్ చేసి, డబ్బు అందిందని కొట్టులో పెట్టె పలికేలోగానే వెళ్లిపోతున్నాడు. నేను కళ్లజోడు సర్దుకుని పిన్ నొక్కే లోపు అందరూ నా వైపే చూస్తుంటారు. ఆ చూపులకు జంకి చీటీ చూడకుండానే చెల్లించి వచ్చేస్తున్నాను.

మళ్లీ నగదుకు మారిపోవడం తెలివైన పనేనా? మీలో ఎవరైనా ఈ చెల్లింపుల మధ్యే పద్దు నిలబెట్టుకోగలుగుతున్నారా? మా ఆవిడ ఫోనులో డబ్బు జోలికే రానంటుంది. ఇంటి ఖర్చులో కొంత ఆమె చేతిమీదుగా కూడా నడిచే ఏర్పాటు ఏదైనా ఉంటే చెప్పగలరు.

జవాబు: కిరాణం షాపు, కరీంనగర్

మాస్టారు గారికి నమస్కారం. గల్లాపెట్టె ఇవతల కూర్చునే మనిషిగా నాలుగు మాటలు చెబుతాను.

నగదు రోజుల్లో అందరికీ తీరిక ఉండేదని మీరు అంటున్నారు గానీ, చిల్లర కోసం మేము పడ్డ అవస్థ వేరు. రెండు రూపాయలు తిరిగి ఇవ్వలేక చాక్లెట్లు చేతిలో పెట్టి మాటలు పడ్డవాళ్లం. 2016 నవంబరు 8 రాత్రి ఐదు వందల, వెయ్యి రూపాయల నోట్లు రద్దయ్యాక కొన్ని వారాలపాటు ఉద్దెర ఖాతా పుస్తకంతోనే షాపు నడిచింది. ఆ అవస్థ చూసినవాడు ఎవడూ గోడకు కోడ్ అంటించుకోవడానికి రెండోసారి ఆలోచించడు. చిన్న షాపులు ఇంత తొందరగా దీనికి అలవాటుపడటానికి మరో కారణం, 2020 జనవరి నుంచి ఈ చెల్లింపుల మీద మా దగ్గర కమిషన్ తీసుకోకపోవడం. పలికే పెట్టెకు మాత్రం నెలనెలా అద్దె కడుతున్నాను. అది లేకపోతే పాత చెల్లింపు తాలూకు ఫొటో చూపించి సరుకు పట్టుకుపోయేవాళ్లు ఉన్నారు. సాయంత్రం రద్దీలో ప్రతివాడి ఫోనూ తీసుకుని చూడటం అయ్యే పని కాదు. ఆ పెట్టె నా కోసం పలుకుతుంది, మిమ్మల్ని తరమడానికి కాదు. మీరు చీటీ చూసుకుంటానంటే ఏ షాపువాడూ కాదనడు. వెనుకవాళ్లు చూస్తే చూడనివ్వండి. మీరు పక్కకు జరిగి చూసుకుంటే వాళ్ల పని వాళ్లు చేసుకుపోతారు.

నా ఉద్దేశంలో ఇంటి పద్దును చెడగొట్టింది ఫోను ఒక్కటే కాదు, కొనే పద్ధతి మారడం. ఇదివరకు ఒకటో తారీఖు తరువాత నెల సరుకుల చీటీ పట్టుకుని వచ్చేవారు. బియ్యం, పప్పులు, నూనె, సబ్బుల దాకా అన్నీ ఒకే చీటీలో ఉండేవి, ఆటోలో వేయించి ఇంటికి పంపేవాళ్లం. ఇప్పుడు అదే ఇంటి నుంచి పొద్దున అల్లం, మధ్యాహ్నం పావు కిలో చక్కెర, రాత్రి రెండు నూడుల్స్ పొట్లాలు వెళుతున్నాయి. పెద్ద నగరాల్లో అయితే ఆ మూడింటికీ బండి మీద కుర్రవాళ్లు ఉరుకుతున్నారు. పది నిమిషాల్లో తెస్తామని డెలివరీ యాప్‌లు చేసిన ప్రచారం ఆ కుర్రవాళ్ల ప్రాణాల మీదికి వస్తోందని గొడవ జరిగిన తరువాతే దాన్ని పక్కన పెట్టారు. చేతిలో నోటు ఉన్నప్పుడు దాన్ని విడిపించడం ఇష్టం లేక ఆ పావు కిలో చక్కెర రేపటి దాకా ఆగేది. మళ్లీ నెల చీటీ మొదలుపెట్టండి, పాస్‌బుక్కులో వరుసలు సగానికి సగం పోతాయి.

నగదు పూర్తిగా మానేయవద్దని కూడా చెబుతాను. 2025 ఏప్రిల్ 12న పగటిపూట, ఈ ఫోను చెల్లింపులను నడిపే యూపీఐ దేశమంతా నిలిచిపోయింది. అది హనుమాన్ జయంతి, మా దగ్గర కొండగట్టుకు వెళ్లే జనంతో బజారు నిండిపోయి ఉంది. టెంకాయలు, అగరుబత్తీలు చేతిలో పట్టుకుని ఫోనులో తిరిగే గుండ్రాన్ని చూస్తూ నిలబడ్డారు. తెలిసినవాళ్ల పేర్లు ఉద్దెర పుస్తకంలో రాసుకున్నాను, దీక్షలో ఉన్న స్వాములకు ఊరికే ఇచ్చి పంపాను. మిగిలినవాళ్లు సరుకు బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు.

జవాబు: బ్యాంకు అధికారి, హైదరాబాద్

మాస్టారి పాస్‌బుక్కు వంటివి మా శాఖలో రోజూ చూస్తూనే ఉంటాను, కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

యూపీఐని 2016 ఏప్రిల్‌లో అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నరు రఘురాం రాజన్ ఆవిష్కరించారు. 2023 ఆగస్టులో మొదటిసారిగా ఒక్క నెలలో వెయ్యి కోట్ల లావాదేవీలు దాటాయి; సరిగ్గా రెండేళ్లకు, 2025 ఆగస్టులో, అది రెండు వేల కోట్లు దాటింది. దుకాణాల్లో జరిగేవాటిలో అత్యధిక భాగం 500 రూపాయల లోపువే. అంటే మాస్టారి కొత్తిమీర కట్టలే ఈ వ్యవస్థను నింపుతున్నాయి, వాటి బరువు మా సర్వర్ల మీద కూడా పడుతోంది. జనం చెల్లింపు చేసిన ప్రతిసారీ నిల్వ చూసుకోవడం వల్ల పెరిగిన భారాన్ని తగ్గించడానికి, 2025 ఆగస్టు 1 నుంచి ఒక యాప్‌లో రోజుకు 50 సార్లకు మించి నిల్వ చూసుకునే వీలు లేకుండా చేశారు. రోజుకు 50 సార్లు నిల్వ చూసుకునేవారు ఎవరుంటారని మాస్టారికి అనిపించవచ్చు, ఉన్నారు.

మీరు పిన్ నొక్కగానే జరిగేది ఇది. మీ యాప్ నుంచి సందేశం, యూపీఐని నడిపే సంస్థ అయిన ఎన్‌పీసీఐ కేంద్ర వ్యవస్థకు వెళుతుంది, అక్కడి నుంచి మీ బ్యాంకుకు వస్తుంది, మీ బ్యాంకు పిన్ సరిచూసి డబ్బు తగ్గించి ఆ సంగతి తెలియజేస్తుంది, తరువాత దుకాణదారు బ్యాంకుకు జమ చేయమని సందేశం అందుతుంది. చెల్లింపు సందేశానికి జవాబివ్వడానికి ఇదివరకు 30 సెకన్ల గడువు ఉండగా, 2025 జూన్‌లో దాన్ని 15 సెకన్లకు కుదించారు. ఇక్కడే ఒక విశేషం ఉంది. మీకూ దుకాణదారుకూ క్షణంలో ముగిసిపోయిన ఈ వ్యవహారంలో, మీ బ్యాంకూ ఆయన బ్యాంకూ అసలు డబ్బును ఆ క్షణంలో మార్చుకోవు. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు వెళ్లవలసినవన్నీ కూడిక తీసివేతలు చేసి, తేడాను మాత్రం రోజుకు కొన్ని విడతలుగా రిజర్వు బ్యాంకు వద్ద ఉన్న ఖాతాల ద్వారా సర్దుకుంటాయి. ఇంత వేగాన్ని నడిపించే బ్యాంకులే విడతలుగా లెక్క చూసుకుంటుంటే, ఇంటి యజమాని మాత్రం ప్రతి ఇరవై రూపాయలకూ ఖాతాను కదిలించి, దాన్నంతా పద్దులోకి ఎక్కించాలని చూడటం వల్లే ఈ చిక్కు వచ్చిందని నా అభిప్రాయం. పెద్ద ఖాతాను నెలకు కొద్దిసార్లే కదపాలి, చిల్లర ఖర్చుకు వేరే చోటు ఉండాలి.

ఆ చోటు ఫోనులోనే ఉంది, యూపీఐ లైట్ అంటారు. ఖాతా నుంచి 5,000 రూపాయల వరకు అందులోకి ముందే వేసుకోవచ్చు. ఒక్కో చెల్లింపు 1,000 రూపాయలు దాటకూడదు. పిన్ నొక్కనవసరం లేదు కనుక కొట్టు దగ్గర మీ ఇబ్బంది కూడా తగ్గుతుంది. అన్నిటికన్నా మీకు పనికొచ్చేది, పాస్‌బుక్కులో మీరు లైట్‌లోకి వేసిన ఒక్క వరుస మాత్రమే కనబడుతుంది, కొత్తిమీర, కొబ్బరిబొండం అందులోకి రావు. ఆదివారం ఆదివారం ఒకే మొత్తం వేసుకుని, అది అయిపోతే వచ్చే ఆదివారం దాకా మళ్లీ వేయకుండా ఉంటే మీ కవరు మీకు తిరిగి వచ్చినట్టే. అయితే నిల్వ తగ్గగానే దానంతట అదే నింపుకునే సదుపాయం కూడా ఉంది. దాన్ని మాత్రం ఆన్ చేయకండి, చేస్తే ఆ కవరుకు అడుగు ఉండదు.

ఖర్చు పెరిగిందన్న మీ అనుమానానికి ఆధారం లేకపోలేదు. అమెరికాలో డ్రేజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ అనే పరిశోధకులు 2001లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, బాస్కెట్‌బాల్ పోటీ టికెట్లకు విద్యార్థుల చేత వేలం పాడించగా, నగదు ఇవ్వవలసినవారి కన్నా క్రెడిట్ కార్డుతో చెల్లించవచ్చునని చెప్పినవారు చాలా ఎక్కువకు పాడారు. క్రెడిట్ కార్డు అప్పు, యూపీఐ మన సొంత డబ్బు, కాబట్టి రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. చేతి నుంచి డబ్బు పోతున్నట్టు తెలియకపోవడం మాత్రం రెండింటిలోనూ ఉంది.

డబ్బు మీ ఖాతాలో తగ్గి దుకాణదారుకు చేరకపోతే కంగారుపడి వెంటనే రెండోసారి పంపకండి. 2019లో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం ప్రకారం, వ్యక్తికి పంపినదైతే మరుసటి రోజుకల్లా, దుకాణానికి చెల్లించినదైతే ఐదు రోజుల్లోగా అది తిరిగి రావాలి. గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకు మీకు పరిహారం ఇవ్వాలి. మోసం జరిగిందని తెలిస్తే మాత్రం ఏ మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలి. మోసగాడు ఆ డబ్బును ఒక ఖాతా నుంచి మరొక ఖాతాకు ఎంత వేగంగా తిప్పేస్తాడో, దాన్ని ఆపించడం అంత కష్టమవుతుంది.

అమ్మగారి విషయానికి యూపీఐ సర్కిల్ అనే ఏర్పాటు ఉంది. మీ ఖాతా నుంచే చెల్లించే అధికారాన్ని ఇంట్లో మరొకరికి ఇవ్వవచ్చు. నెలకు 15,000 రూపాయలు, ఒక్కో చెల్లింపుకు 5,000 రూపాయలు పరిమితి. అలా కాకుండా ప్రతి చెల్లింపుకూ మీ ఆమోదం అవసరమయ్యేలా కూడా పెట్టుకోవచ్చు.

జవాబు: గృహిణి, గుంటూరు

బ్యాంకు అధికారి గారు చెప్పిన సర్కిల్ ఏర్పాటు పిల్లలకూ, వయసుమీరిన తల్లిదండ్రులకూ బాగుండవచ్చు. భార్యకు దాన్ని సూచించేటప్పుడు ఒకసారి ఆగి ఆలోచించమని మనవి. ప్రతి చెల్లింపుకూ ఆయన ఫోనులో సందేశం మోగుతుంది, పైగా ఆయన ఆమోదం కూడా కావాలంటే కూరల బండి దగ్గర నిలబడి ఆయన మీటింగులో నుంచి బయటికి వచ్చేదాకా ఎదురుచూడాలి. దాన్ని ఇంటి ఖర్చు మా చేతిమీదుగా నడవడం అని ఎలా అంటాం?

పోపుల డబ్బాలో, బియ్యం డ్రమ్ములో, చీరల మడతల్లో డబ్బు దాచుకోవడం మా అమ్మల కాలం నుంచీ ఉంది. పాలవాడికి ఇవ్వగా మిగిలినది, కూరలు బేరమాడగా మిగిలినది అక్కడికి చేరేది. పుట్టింటి నుంచి ఎవరైనా వస్తే చేతిలో పెట్టడానికి, పిల్లవాడికి జ్వరం వచ్చిన రాత్రి ఆటోకు, చీటీ పాట వాయిదాకు అదే ఆధారం. నోట్ల రద్దప్పుడు ఆ డబ్బంతా బయటికి తీయవలసి వచ్చి, ఇంత ఎక్కడిదని అడిగించుకున్న ఆడవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. ఆ దెబ్బకు కొంత పోయింది, ఫోను వచ్చాక మిగిలినదీ పోయింది. ఇంటి సామాను డబ్బు ఆయన ఫోను నుంచి నేరుగా దుకాణానికి వెళ్లిపోతుంటే బేరమాడి మిగిల్చిన పది రూపాయలు ఆయన ఖాతాలోనే ఉండిపోతాయి. ఆదా చేసిన మనిషి చేతికి ఆదా రాదు. మాస్టారి కవర్లు పోయాయని ఇక్కడ అందరూ మాట్లాడుతున్నారు, డబ్బాలు పోయిన సంగతి ఎవరూ అనడం లేదు కనుక రాయవలసి వచ్చింది.

మా ఇంట్లో చేసుకున్న ఏర్పాటు చెబుతాను. డ్వాక్రా సంఘంలో చేరినప్పుడు నా పేరు మీద తెరిచిన పొదుపు ఖాతా ఒకటి ఉంది. ఒకటో తారీఖున ఇంటి ఖర్చు మొత్తం ఆయన ఆ ఖాతాలోకి పంపిస్తారు. అక్కడి నుంచి ఎవరికి ఎంత ఇచ్చానన్నది నా ఫోనులోనే ఉంటుంది, నెలాఖరుకు మిగిలినది నాది. లెక్క అడిగితే చెబుతాను, కానీ ప్రతి పది రూపాయలకూ అడిగించుకోను. చెప్పాలంటే నాకు ఫోను చెల్లింపులంటే ఇష్టమే. రాత్రి ఏటీఎం వెతుక్కుంటూ తిరగవలసిన పని లేదు. ఖాతా ఎవరి పేరు మీద ఉందన్నదే అసలు సంగతి.

జవాబు: ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటున్న తెలుగువాడు

జర్మనీలో ఇప్పటికీ నగదుకు గౌరవం ఉంది. ఇక్కడి కేంద్ర బ్యాంకు 2023లో జరిపిన సర్వే ప్రకారం రోజువారీ చెల్లింపుల్లో 51 శాతం నగదులోనే జరిగాయి. కొన్ని రొట్టెల దుకాణాల్లో కార్డు తీసుకోరు. వరుసలో ముసలావిడ నాణేలు ఒక్కొక్కటే ఎంచుతుంటే వెనుకవాళ్లు కిక్కురుమనకుండా నిలబడతారు. మొదట్లో చిరాకుపడేవాణ్ని, ఇప్పుడు పట్టించుకోను. అలాగని ఇక్కడ అందరూ చక్కగా పద్దులు రాసుకుంటున్నారని అనుకోకండి. నా సహోద్యోగుల్లో చాలామందికి నెలాఖరు మన దగ్గర ఉన్నట్టే ఉంటుంది.

మళ్లీ మాస్టారు

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. గుంటూరు నుంచి రాసిన అమ్మాయి మాట ఇంట్లో చదివి వినిపించాను. మా ఆవిడ ఏమీ అనలేదు గానీ, పోపుల డబ్బా సంగతి వచ్చినప్పుడు నవ్వింది. సర్కిల్ ఆలోచన విరమించుకున్నాను. ఆమెకు నాతో ఉమ్మడిగా ఉన్నది కాక వేరే ఖాతా ఒకటి ఉంది, గ్యాసు రాయితీ పడేందుకు ఎప్పుడో తెరిచినది. చిక్కేమిటంటే ఆమె వాడేది బటన్ల ఫోను, స్మార్ట్‌ఫోను వద్దంటుంది. బ్యాంకు అధికారి గారిని ఇంకొక్కటి అడుగుతాను: లైట్‌లో పిన్ అవసరం లేదన్నారు కదా, ఫోను పోతే ఆ డబ్బు గతి ఏమిటి?

బ్యాంకు అధికారి, హైదరాబాద్

ఫోను తాళం తీసి ఎవరైనా వాడగలిగితే ఆ నిల్వ మేరకు ఖర్చుచేయగలరు. ఖాతాలో ఉన్న మిగతా డబ్బుకు పిన్ కావాలి కనుక ఆ దారిన దాని జోలికి పోలేరు. జేబులో పర్సు పోయినప్పుడు అందులో ఉన్నంతే పోతుంది కదా, అందుకే నేను 5,000 దాకా నింపకుండా వారానికి చాలినంతే వేసుకోమంటాను. ఫోనుకు తాళం తప్పనిసరిగా పెట్టండి. పోయిందని తెలియగానే సిమ్ ఆపించి, బ్యాంకుకు తెలియజేయండి.

బటన్ల ఫోనుకు 2022 మార్చిలో మొదలైన యూపీఐ 123పే ఉంది. ఇంటర్నెట్ అవసరం లేకుండా, ఫోను చేసి, అడిగిన వాటికి అంకెలు నొక్కి చెల్లించవచ్చు. ఆమె ఫోను నంబరు ఆ ఖాతాకు జతచేసి ఉండాలి, పిన్ పెట్టుకోవడానికి ఆమె పేరు మీద డెబిట్ కార్డు ఉంటే పని సులువు. ముందుగా ఈ రెండూ శాఖలో సరిచూసుకోండి. పిన్ మాత్రం ఆమే స్వయంగా పెట్టుకోవాలి, మీరు కూడా అడగవద్దు. అది కూరల బండి దగ్గర స్కాన్ చేసినంత వేగంగా అవుతుందని మాత్రం చెప్పలేను. ఒక్కో చెల్లింపుకు ఒకటి రెండు నిమిషాలు పట్టవచ్చు.

గృహిణి, గుంటూరు

మాస్టారూ, ఆ ఒకటి రెండు నిమిషాలు ఆవిడకు ఇబ్బంది అనిపిస్తే నగదే ఇవ్వండి. అయితే ప్రతిరోజూ అడిగించుకుని ఇవ్వకుండా, ఒకటో తారీఖున మొత్తం ఒకేసారి చేతిలో పెట్టండి.

కిరాణం షాపు, కరీంనగర్

నూరు రూపాయల నోట్లు ఎక్కువగా తెచ్చి ఇవ్వండి. ఐదు వందల నోటుకు ఈ రోజుల్లో చిల్లర మా దగ్గరే ఉండటం లేదు, అందరూ ఫోనుతో ఇస్తుండటంతో గల్లాలోకి చిన్న నోట్లు రావడమే తగ్గిపోయింది. నెల సరుకుల చీటీ మాత్రం మరిచిపోకండి; దాన్ని ఇద్దరూ కూర్చుని రాయండి, షాపువాడికి మధ్యాహ్నం రెండు మూడు గంటల వేళ ఇస్తే తీరికగా కట్టిపెడతాడు, మీరు ప్రతి ధరా అడిగి తెలుసుకోవచ్చు.